రా షోలో కుస్తీ ఎక్కడ? గంటసేపు మైకే పట్టుకుంటున్నారు

నాగావళి_నాయుడు
రా (డబ్ల్యూడబ్ల్యూఈ వారం వారం వేసే కుస్తీ షో) చూడాలంటే ఈ మధ్య చాలా ఓపిక కావాల్సి వస్తోంది. మంగళవారం పొద్దున్నే లేచి టీ పెట్టుకుని కూర్చుంటాను. పాట మోగుతుంది, ఒకడు వస్తాడు. ర్యాంపు మీద మెల్లగా నడిచి, రింగు చుట్టూ తిరిగి, తాళ్లెక్కి చేతులూపి, దిగి మైకు అందుకుంటాడు. ఆ ఊరి పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు. ఇంతలో ఇంకొకడి పాట. వాడిదీ అదే నడక. ఇద్దరూ ముక్కూ ముక్కూ ఆనించి నిలబడతారు. కొట్టుకుంటారు అనుకునేసరికి ఆఫీసర్లు పరిగెత్తుకొచ్చి విడదీస్తారు. టీ అయిపోతుంది, బెల్లు మాత్రం మోగదు.

మ్యాచ్ మొదలైనా తేలేది లేదు. మధ్యలో ఎవడో దూరతాడు, రిఫరీ డిస్క్వాలిఫై చేస్తాడు. అసలు లెక్క వచ్చే పెద్ద షోలో తేల్చుకుంటారట. అంటే వారం వారం మనకి చూపిస్తున్నది ఆ షోకి ప్రచారమేగా?

రాసిపెట్టిన ఆట అని నాకు తెలుసు, ఆ గొడవ ఇక్కడికి తేవద్దు. నా బాధ వేరు. వారం షో ఆ వారానికి ఏదో ఒకటి తేల్చాలి. 1999 జనవరి 4న రాలో మ్యాన్‌కైండ్ రాక్‌ని ఓడించి టైటిల్ కొట్టాడు. అది ముందే రికార్డు చేసిన షో. అదే టైములో నడుస్తున్న పోటీ షోలో కామెంటేటర్ ఆ ఫలితం వెటకారంగా చెప్పేశాడు. దాంతో జనం ఆ చానెల్ వదిలేసి ఇటు తిప్పారు. ఎవడు గెలుస్తాడో తెలిసి కూడా తిప్పారు! ఇప్పుడు పెద్ద బెల్టు, అంటే అన్నిటికంటే పై టైటిల్, వారం షోలో చేతులు మారడం ఎవరైనా చూశారా?

గంటస్తంభం_గిరి
చూశాను. 2025 జూన్ 9, రా, గుంథర్ జే ఊసో దగ్గర వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గుంజుకున్నాడు. నువ్వు టీ పెట్టుకోవడానికి వెళ్లినప్పుడు అయిపోయినట్టుంది.

నాగావళి_నాయుడు
గిరీ, ఏడాది మొత్తం వెతికి ఒకటి పట్టుకొచ్చావు. నేను చెప్పేది అలవాటు గురించి.

గంటస్తంభం_గిరి
ఇంకోటి కూడా ఉంది. నవంబర్ 10న బోస్టన్‌లో జాన్ సీనా డామినిక్‌ని ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ (రెండో స్థాయి టైటిల్) గెలిచాడు. అదీ రాలోనే, సొంత రాష్ట్రంలో, జనం చెవులు పగిలేలా అరుస్తుంటే.

నాగావళి_నాయుడు
నేను పెద్ద బెల్టు అన్నాను.

ఆర్కేవో_రాజాం
బావా, గోల్‌పోస్టు జరుపుతున్నావు 😂

పలాస_జీడిపప్పు
నేను అసలు ఫుల్ షో చూడను. మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనాల టైములో క్లిప్పులు చూస్తాను. ఎంట్రీ ఒక ముక్క, ఫినిషర్ (మ్యాచ్ ముగించే దెబ్బ) ఒక ముక్క, గొడవ ఒక ముక్క. పది నిమిషాల్లో పనైపోతుంది.

నాగావళి_నాయుడు
@పలాస_జీడిపప్పు నీలాంటివాళ్ల కోసమే షోని అలా తయారు చేస్తున్నారు. ముక్కలు కోసి పెట్టడానికి వీలుగా రాస్తున్నారు, అందుకే మొత్తం చూసేవాడికి కథ అతకడం లేదు.

పలాస_జీడిపప్పు
అయితే నేరం నాదేనా? సరే, ఒప్పుకున్నాను. జీడిపప్పు పంపిస్తాను, వదిలెయ్.

టెక్కలి_టేకర్
ఏటి కుర్రాళ్లూ, రాలో మాటలెక్కువ అని ఇవాళ కనిపెట్టారా? ఆటిట్యూడ్ ఎరాలో (1990ల చివర్లో) కూడా సగం షో మాటలే. ఆస్టిన్, రాక్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడితే మేం కళ్లార్పకుండా చూసేవాళ్లం. తేడా ఏమిటంటే అప్పుడు మాట్లాడేవాడి నోట్లోంచి తర్వాత ఏ మాట వస్తుందో మనకి తెలిసేది కాదు. ఇప్పుడు వాక్యం మొదలుపెట్టగానే చివర నేనే పూర్తి చేసేస్తున్నాను.

మా రోజుల్లో టెన్ స్పోర్ట్స్. కేబుల్ వాడు ఆ చానెల్ తీసేస్తే వీధి వీధంతా వాళ్ల ఇంటి మీదకి వెళ్లాం. కుస్తీవాళ్ల బొమ్మలుండే ట్రంప్ కార్డులు గుర్తున్నాయా? చెస్ట్, బైసెప్స్, ర్యాంకు. నా దగ్గర అండర్‌టేకర్ కార్డు ఉండేది, దాన్ని ఆటలో పెట్టేవాణ్ని కాదు, జేబులోనే. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని, ఏడుసార్లు చచ్చి లేచాడని బళ్లో అందరం నమ్మాం. ఎవడు చెప్పాడో దేవుడికి తెలియాలి.

బొబ్బిలి_మాస్టారు
ఏడు ప్రాణాల కథ టెక్కలిలోనే కాదండీ, బొబ్బిలిలోనూ ఉంది. ఈమధ్య మా క్లాసులో పిల్లలు ఎనిమిది అంటున్నారు. పెరిగింది.

ఆర్కేవో_రాజాం
2014లో రెసిల్‌మేనియా (ఏటా జరిగే అతి పెద్ద షో) 30లో బ్రాక్ లెస్నర్ చేతిలో టేకర్ ఓడిపోయినప్పుడు మా అన్నయ్య ఆ రోజు అన్నం తినలేదు. రెసిల్‌మేనియాల్లో 21 మ్యాచ్‌లు ఓటమి లేకుండా వచ్చి 22వది పోయింది. స్క్రీన్ మీద 21-1 అని వేశాక స్టేడియంలో ఒక్కడూ మాట్లాడలేదు. మా అమ్మ కంగారుపడి "ఎవరు పోయార్రా?" అని అడిగింది.

నిజం_నాయనా
ఇంత వయసొచ్చి ఇంకా ఇది చూస్తున్నారా? అంతా అబద్ధం. ముందే రాసుకుంటారు. గుద్దు తగలకుండానే పడిపోతారు. మన జిల్లాల్లో నిజమైన బలమున్నవాళ్లు పుట్టారు, వాళ్ల గురించి మాట్లాడుకోండి.

గంటస్తంభం_గిరి
ఇదిగో వచ్చారు. ప్రతి థ్రెడ్‌కీ ఒకరు.

టెక్కలి_టేకర్
@నిజం_నాయనా బాబూ, నువ్వు ఇప్పుడు కనిపెట్టింది ఆ కంపెనీవాళ్లే 1989లో న్యూజెర్సీ సెనేట్‌కి చెప్పారు. ఇది పోటీ కాదు, వినోదం అని వాళ్ల నోటితోనే అన్నారు. ఎందుకంటే నిజం పోటీ అంటే క్రీడల శాఖ తనిఖీలు, ఫీజులు, పన్నులు. డబ్బు దగ్గరికొచ్చేసరికి రహస్యం బయటపెట్టేశారు. నీకంటే ముందే చెప్పారన్నమాట.

బొబ్బిలి_మాస్టారు
తప్పెటగుళ్లు చూసేవాళ్లకి రాముడు గెలుస్తాడని ముందే తెలుసు కదండీ. తెల్లారేదాకా కూర్చోలేదా మన పెద్దలు? కథ తెలిసినంత మాత్రాన ఆట పోదు. ఆడేవాడి కాళ్లలో సత్తా లేకపోతేనే పోతుంది.

నిజం_నాయనా
మాస్టారూ, మీరు కూడానా? దేవుడి కథకీ చెడ్డీలేసుకుని కొట్టుకోవడానికీ పోలికా?

కొండవెలగాడ_బార్బెల్
@నిజం_నాయనా బలం గురించి మాట్లాడుకోండి అన్నారు కాబట్టి చెప్తాను. మాది కొండవెలగాడ. మా ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్ చేయని ఇల్లు వెతుక్కోవాలి. మత్స సంతోషి అక్క 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. మొదట కాంస్యం ఇచ్చారు. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది వెండి అయింది. మీ శ్రీకాకుళం వైపు కరణం మల్లీశ్వరి గారు, సిడ్నీ 2000. కాబట్టి బలం అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు.

బార్ ఎత్తడం వేరు, మనిషిని ఎత్తడం వేరు. బార్‌కి రెండు వైపులా బరువు సమానంగా ఉంటుంది, కదలదు. మనిషి చెయ్యి ఒకవైపు, కాలు ఒకవైపు, బరువు అటూ ఇటూ జారుతూ ఉంటుంది. పైకి లేచేవాడు సరైన క్షణంలో ఎగరకపోతే ఎత్తేవాడి నడుం అక్కడే పోతుంది. అందుకే బాడీస్లామ్‌లో (మనిషిని ఎత్తి కింద పడేయడంలో) కింద పడేవాడి పనే సగం ఉంటుంది.

ఇక పడటం. రింగు కింద స్టీలు దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన పల్చటి ఫోమ్, దాని మీద కాన్వాస్. పరుపు కాదు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి తగిలేలా, రెండు చేతులూ పక్కకి చరుస్తూ పడాలి. తల వెనక్కి వాలిందా, అంతే. ఎడ్జ్ 2011 ఏప్రిల్‌లో మెడ దెబ్బతిని రాలోనే రిటైర్‌మెంట్ చెప్పాడు, మళ్లీ రింగెక్కడానికి 2020 రాయల్ రంబుల్ (ముప్పై మంది దిగే పోటీ) దాకా పట్టింది. ఫలితం రాసిపెట్టారు సరే, మెడ ఎముకకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఆర్కేవో_రాజాం
చివరి లైనుకి నా దండం.

నిజం_నాయనా
దెబ్బలు నిజం కావచ్చు. గెలుపు నిజం కాదుగా.

చీపురుపల్లి_చిన్ని
నాయుడు గారి మొదటి పోస్టు నుంచి చదువుతున్నాను. 1999 బాగుంది, 1999 బాగుంది అంటున్నారు. మగవాళ్లకి బాగుంది. ఆడవాళ్ల మ్యాచ్‌లు అప్పట్లో ఎంతసేపు ఉండేవో గుర్తుందా? బట్టలు చింపుకునే మ్యాచ్‌లు పెట్టేవాళ్లు. ఇంట్లో నాన్న రిమోట్ కోసం వెతుక్కునేవాడు. 2015 ఫిబ్రవరిలో కూడా రాలో నలుగురు అమ్మాయిల ట్యాగ్ మ్యాచ్ అర నిమిషంలో ముగించేశారు. జనం సోషల్ మీడియాలో తిట్టిన తిట్లకి కంపెనీ దిగొచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆడవాళ్లకిచ్చే డీవాస్ బెల్టు తీసేసి విమెన్స్ టైటిల్ పెట్టారు. 2019లో రెసిల్‌మేనియా ఆఖరి మ్యాచ్ బెకీ, షార్లెట్, రౌసీలది.

ఇక మీరు అడిగిన పెద్ద బెల్టు. 2025 జనవరి 6న, రా నెట్‌ఫ్లిక్స్‌కి మారిన మొదటి రోజు, రియా రిప్లే లివ్ మోర్గాన్ దగ్గర టైటిల్ గెలిచింది. మార్చి 3న అదే రాలో ఇయో స్కై రియాని ఓడించింది. రెండు నెలలు తిరక్కుండా రెండుసార్లు వారం షోలోనే చేతులు మారింది. ఇవి మీ లెక్కలో రావా, లేకపోతే ఆడవాళ్ల బెల్టు చిన్న బెల్టా?

గంటస్తంభం_గిరి
ఒకటి, రెండు, మూడు. భుజాలు నేలకి ఆనాయి, పిన్ అయిపోయింది నాయుడూ.

నాగావళి_నాయుడు
చిన్ని గారూ, మీరు నా మాటకే బలం ఇచ్చారు. ఇయో–రియా మ్యాచ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఎందుకు? వారం షోలో తేల్చారు కాబట్టి. ఎవరూ ఊహించలేదు కాబట్టి. రెసిల్‌మేనియాకి ముందు రియా ఓడదని అందరం ధీమాగా కూర్చున్నాం. నేను అడిగేది అలాంటివి ఇంకా కావాలనే. అమ్మాయిల విభాగంలో ఆ తెగింపు చూపించినవాళ్లు మగవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు జంకుతున్నారు?

చీపురుపల్లి_చిన్ని
ఇలా అడిగితే మీతో నాకు పేచీ లేదు. మొదటి పోస్టు ఇలా లేదు మరి.

పలాస_జీడిపప్పు
చిన్ని గారు క్లిప్పులు చూసేవాళ్లని ఏమీ అనలేదు. నాకు నచ్చారు.

అరసవల్లి_అన్వేష్
నేను 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్‌లో జరిగిన డబ్ల్యూడబ్ల్యూఈ షో సూపర్‌స్టార్ స్పెక్టాకిల్‌కి వెళ్లాను. ఆమదాలవలసలో ఫలక్‌నుమా ఎక్కి, జనరల్ బోగీలో నిలబడి. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. ఆఖరి మ్యాచ్ సీనా, సేథ్ రాలిన్స్ ఒకవైపు, ఇంపీరియం జట్టువాళ్లు ఇద్దరూ రెండోవైపు. గుంథర్‌తో మన శాంకీ తలపడ్డాడు.

నాయుడన్న చెప్పే బోరు టీవీలో నిజమే. స్టేడియంలో మాత్రం వ్యవహారం వేరు. సేథ్ పాట మొదలైతే హాలంతా ఒకే గొంతుతో పాడింది, పాట ఆపాక కూడా ఆపలేదు. నా పక్కన ఒక పెద్దాయన, పంచె కట్టుకుని వచ్చారు, ఆయనకీ ఆ రాగం వచ్చు! అక్కడ మ్యాచ్ కంటే ఎంట్రీకే ఎక్కువ గొంతు పోయింది. వాళ్లు షో నడిపేది ఆ పదిహేను వేల మంది కోసం. సోఫాలో మనం ఒక్కళ్లమే కూర్చుని చూస్తే ఆ నడక నడకలాగే కనపడుతుంది.

టెక్కలి_టేకర్
గచ్చిబౌలి ఇండోర్‌లో పదిహేను వేల మంది పట్టరు బాబూ.

అరసవల్లి_అన్వేష్
అమెరికా హాళ్ల సంగతి చెప్పానండీ. మన దగ్గర అంతకంటే తక్కువే, అరుపు మాత్రం తక్కువ కాదు.

నాగావళి_నాయుడు
అన్వేష్, ఇది మంచి పాయింటు. కానీ ఆస్టిన్ అద్దం పగిలే శబ్దం వినపడితే సోఫాలో ఉన్నవాడికి కూడా రోమాలు లేచేవి. అప్పుడూ హాలు అక్కడే, సోఫా ఇక్కడే. 2012 జూలైలో రాని మూడు గంటలు చేశారు. ఆ రోజు నుంచి టైము నింపడం ఒక పని అయిపోయింది. ఇప్పుడు టీవీ చానెల్ పట్టింపు లేదు కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతోంది, అలవాటు మాత్రం పోలేదు. పైగా రింగు మధ్యలో కూల్‌డ్రింకు బొమ్మ, మూలల్లో ఇంకేవో బొమ్మలు. బల్ల విరిచినా దాని మీద ఒక కంపెనీ పేరు.

ఆర్కేవో_రాజాం
సీనా సంగతి ఎవరూ ఎత్తరేం? రాసేవాళ్ల పనితనం తెలియాలంటే అదే చూడాలి.

2025 మార్చి 1, టొరంటో. ఇరవై ఏళ్లకి పైగా మంచివాడుగా ఉన్న మనిషి కోడీ రోడ్స్‌ని కొట్టి హీల్ (చెడ్డవాడు) అయ్యాడు. పక్కన రాక్. నేను ఒళ్లు మర్చిపోయి అరిచాను, పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. ఏప్రిల్‌లో 17వ టైటిల్, రిక్ ఫ్లెయిర్ రికార్డు దాటాడు. అంతవరకు సరే. మరి రాక్ ఏడి? కథ మొదలుపెట్టినవాడు రెసిల్‌మేనియాకి రానేలేదు. ఎందుకు చేతులు కలిపారో, ఏం ఒప్పందమో, ఒక్క ప్రోమోలో (మైకు పట్టుకుని మాట్లాడే ముక్కలో) సరిగ్గా చెప్పలేదు. సమ్మర్‌స్లామ్ షో దగ్గరికొచ్చేసరికి సీనా మళ్లీ మంచివాడైపోయాడు. దీనికి మూడు గంటలు చాలలేదా?

టెక్కలి_టేకర్
ఇక్కడ మాత్రం రాజాం కుర్రాడితో నేనున్నాను. హీల్ చేస్తే పూర్తిగా చెయ్యాలి. పాట కూడా మార్చలేదు! అదే బూరలు, అదే టోపీ. చెడ్డవాడి పాట వినగానే పిల్లలు గంతులేస్తే అది హీల్ టర్న్ ఎలా అవుతుంది?

చీపురుపల్లి_చిన్ని
సీనా ఆఖరి మ్యాచ్ మీద మీ అభిప్రాయం? డిసెంబర్ 13, వాషింగ్టన్. గుంథర్ స్లీపర్‌లో (మెడ బిగించే పట్టులో) సీనా ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి లొంగిపోయాడు. ఎప్పటికీ లొంగను అని టీషర్టు మీద రాసుకున్న మనిషి ట్యాప్ చేయడం నాకు నచ్చింది. నవ్వి చేశాడు. వెళ్లిపోయేవాడు ఓడి, ఉండేవాణ్ని పెద్దవాణ్ని చేసి వెళ్లాలి. ఈ వృత్తిలో పద్ధతి అదే.

ఆర్కేవో_రాజాం
ఓడితే ఓడాడు అక్కా, పిన్ చేయొచ్చు, స్పృహ తప్పొచ్చు. ట్యాప్ ఎందుకు? స్టేడియంలో జనం, కథలు నడిపించే ట్రిపుల్ హెచ్‌ని బూ కొట్టారు. నేనూ ఇంట్లోంచి కొట్టాను.

గంటస్తంభం_గిరి
చిన్ని గారితోనే నేను. గుంథర్‌ని ఇంతగా ఎవడూ అసహ్యించుకోలేదు ఆ రోజు దాకా. హీల్‌కి అంతకంటే కట్నం ఏముంటుంది?

కొండవెలగాడ_బార్బెల్
నవ్వడం దగ్గరే నాకు అడ్డం పడింది. ఊపిరి ఆగుతున్నవాడు నవ్వడు.

నిజం_నాయనా
చూశారా? మీరే ఒప్పుకుంటున్నారు అబద్ధం అని.

కొండవెలగాడ_బార్బెల్
అబద్ధమని కాదు, నటన కుదరలేదని చెప్పాను. రెండూ ఒకటి కాదు.

బొబ్బిలి_మాస్టారు
నాయనా గారు ముందు ఒక మాటన్నారు, మన జిల్లాల్లో నిజమైన బలమున్నవాళ్లు పుట్టారని. కోడి రామమూర్తి నాయుడు గారినే అన్నారనుకుంటాను. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, చివరికి ఏం పెట్టారో తెలుసా? సర్కస్ కంపెనీ. ఛాతీ మీద ఏనుగు, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచడం, కార్లని తాళ్లతో కట్టి కదలకుండా ఆపడం. ఇవన్నీ టిక్కెట్టు పెట్టి, డేరా వేసి చూపించారు. కలియుగ భీముడన్న పేరు కూడా జనం నోళ్లలో నానాల్సిందే కదా. బలం ఉంటే సరిపోదు, దాన్ని చూపించడం రావాలి. ఆయనకి రెండూ వచ్చు. ఆ రెండోదే ఇప్పుడు రాలో కొరవడింది అని నాయుడు గారి ఫిర్యాదు, నాకు అర్థమైనంతవరకు.

నిజం_నాయనా
ఆయన ఏనుగు నిజం ఏనుగు మాస్టారూ. ఒప్పందం చేసుకుని మెల్లగా ఎక్కలేదు.

ఆర్కేవో_రాజాం
ఏనుగుకి స్క్రిప్టు చదవడం రాదు కాబట్టి 😂

బొబ్బిలి_మాస్టారు
ఆ తేడా ఉంది, కాదనను.

పిల్లల గురించి ఒక్క మాట. పండగ సెలవుల్లో కళ్లంలో గడ్డికుప్ప మీంచి దూకి ఒకడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. స్వాంటన్ బాంబ్ అట. కింద తమ్ముణ్ని పడుకోబెట్టాడు. వాడు తెలివైనవాడు, చివరి క్షణంలో దొర్లిపోయాడు. ఇంట్లో చేయవద్దని టీవీలో వేస్తారు, మావాళ్లు ఇంట్లో చేయలేదు, కళ్లంలో చేశారు. బార్బెల్ గారు రాసిన ఆ పడే విధానం ప్రింటు తీసి క్లాసులో చదువుతాను.

కొండవెలగాడ_బార్బెల్
వద్దు మాస్టారూ, అది చదివితే వచ్చేసిందనుకుని ఇంకో నలుగురు దూకుతారు.

గంటస్తంభం_గిరి
మా అమ్మమ్మ రోమన్ రెయిన్స్‌ని "జుట్టు ఆరబెట్టుకోనోడు" అంటుంది. జలుబు చేస్తుందని ఆవిడ బెంగ. 1,316 రోజులు టైటిల్ ఉంచుకున్నాడని చెప్తే, అన్ని రోజులూ తడి తలేనా అంది.

పలాస_జీడిపప్పు
ఆవిడకి ఒక యూట్యూబ్ చానెల్ పెట్టు. క్లిప్పులు నేను చూస్తాను.

నాగావళి_నాయుడు
రోమన్ కథ మాత్రం చూడండి. అందులోనూ మాటలే ఎక్కువ. అన్నదమ్ముల గొడవ, పెద్దవాడి మాట వినాలా వద్దా, ఇంట్లో ఎవడికి గౌరవం. అది మూడేళ్లు నడిచినా నాకు విసుగు రాలేదు. సామీ జేన్ ఆ ఇంట్లో చేరి నవ్వించిన నెలలు నేను ఒక్క వారం కూడా వదల్లేదు. కాబట్టి నేను మైకుకి వ్యతిరేకిని కాను. పోయిన వారం చెప్పిన మాటనే ఈ వారం ఇంకో చొక్కా వేసుకుని చెప్పడానికి వ్యతిరేకిని.

చీపురుపల్లి_చిన్ని
దీన్ని టైటిల్‌గా పెట్టాల్సింది మీరు.

టెక్కలి_టేకర్
సరే గాని, 2026 జనవరి 31న రాయల్ రంబుల్. రియాద్‌లో కాబట్టి మనకి తెల్లవారుజామున లేచే బాధ లేదు, రాత్రి మేలుకుంటే చాలు. ఎవరెవరు ఎక్కడ చూస్తున్నారు?

ఆర్కేవో_రాజాం
మా మేడ మీద ప్రొజెక్టరు పెడుతున్నాను. తెల్ల దుప్పటి ఉంది. చలి గట్టిగా ఉంటుంది, మంకీ క్యాపులు తెచ్చుకోండి.

పలాస_జీడిపప్పు
వేపిన జీడిపప్పు నాది. ఫుల్ షో చూడటం అలవాటు లేదు, నిద్రపోతే ఫినిషర్లకి లేపండి.

గంటస్తంభం_గిరి
ముప్పై మందిలో నంబర్లు చీటీలు వేసుకుందాం. గెలిచినవాడి చీటీ ఎవరి దగ్గరుంటే వాళ్లకి మర్నాడు టిఫిను. గుంథర్ చీటీ నాయుడికి రాకుండా చూడండి, బోరు అంటాడు.

నిజం_నాయనా
కరెంటు పోతే?

ఆర్కేవో_రాజాం
ఇన్వర్టర్ ఉంది. మీరు వస్తున్నారా?

నిజం_నాయనా
జీడిపప్పు గురించి అడిగాను.

అడ్మిన్_ఉత్తరాంధ్ర
ఇంటి అడ్రసు, ఫోను నంబరు ఇక్కడ పెట్టకండి, ఒకరికొకరు ప్రైవేటుగా పంపుకోండి. రంబుల్ అంచనాలకి వేరే థ్రెడ్ తెరిచాను.